పదిహేడో బండ కింది కాలువ

ఆ రోజు పొద్దున చేపలక్క వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి బేరాలు కాస్త పలచబడతాయి. అప్పుడు బుట్టల మీద తడి గోనె కప్పి, పక్క బండ మీద నిమ్మకాయలమ్మే ఆడపడుచుకి ఓ కన్నేసి ఉంచమని చెప్పి, మార్కెట్టు ఆఫీసుకి వెళ్ళాలి. ‘నా బండ కింద కాలువ పూడిపోయింది, తీయించండి’ అని ఒక్క ముక్క చెప్పాలి. పావుగంటలో వెనక్కి వచ్చి కూర్చోవాలి. అంతకు మించి ఆమెకి ఆ రోజు ఎవరితోనూ పేచీ లేదు.

చేపలక్కకి కోపం ముక్కు మీదే ఉంటుందని మార్కెట్టులో అందరూ అంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఒకప్పుడు ఆ కోపం ముక్కుదాకా రావడానికి కాస్త వ్యవధి పట్టేది. మార్కెట్టుని బాగుచెయ్యడం మొదలెట్టిన ఈ ఏడాదిలోనే అది అక్కడ స్థిరంగా కాపురం పెట్టింది.

బాగుచెయ్యడమంటే, కారుతున్న పైకప్పుని కారుతున్నట్టే ఉంచి దాని కింద పసుపుపచ్చ దీపాలు వేలాడదీశారు. నడిచే దారిలో నున్నటి కొత్త పలకలు పరిచారు. మొదటి వారంలోనే నలుగురు వాటి మీద జారి పడ్డారు. అందరి బుట్టలూ ఒకే రంగులో ఉండాలన్నారు. కేకలేసి అమ్మకూడదని బోర్డు కట్టారు. పై అంతస్తులో ఒకప్పుడు ధాన్యం కొట్లుండేవి. ఇప్పుడు అక్కడ కొవ్వొత్తుల కొట్టు, కుండీల కొట్టు, ఒక కాఫీ కొట్టు వెలిశాయి. సంచులతో వచ్చే జనం తగ్గి, కెమెరాలతో వచ్చే జనం పెరిగారు. వాళ్ళు మొప్ప ఎత్తి చూడరు. చేప పక్కన మొహం పెట్టి నవ్వుకుని వెళ్ళిపోతారు. మొన్నటికి మొన్న ఒకావిడ, “ఈ చేపని కొంచెం ఇటు తిప్పుతారా, మొహం మీద వెలుతురు పడటం లేదు” అంది.

“కొంటానంటే అట్టు తిప్పినట్టు తిప్పుతా. కొనకపోతే నువ్వే అటు తిరుగు” అంది చేపలక్క.

ఆవిడ పగలబడి నవ్వి, ఆ మాట మళ్ళీ అనమని కెమెరా పెట్టింది. చేపలక్కకి ఒళ్ళు మండిపోయింది. తిడితే బాధపడని మనుషుల్ని ఏం చెయ్యాలో ఆమెకి తెలియదు.

సరే, పదయింది. ఆమె ఆఫీసుకి వెళ్ళింది. నిరుటి దాకా ఆ గది గుమ్మం మీద ‘మార్కెట్టు సూపరింటెండెంట్’ అని ఉండేది. ఇప్పుడు అదే గదిలో, అదే కుర్చీలో, అదే మనిషి కూర్చున్నాడు గాని గుమ్మం మీద మాత్రం ‘సందర్శకుల అనుభూతి అధికారి’ అని రాసి ఉంది. అంత పొడుగు పేరు ఎవరికీ నోరు తిరగక మార్కెట్టంతా ఆయన్ని అనుభూతిగారు అని పిలుస్తున్నారు. ఆయన మొదట నొచ్చుకున్నాడు, తర్వాత అలవాటు పడ్డాడు.

“కాలువ పూడిపోయిందండీ. నీళ్ళు మడమల దాకా నిలబడుతున్నాయి. తీయించండి” అంది చేపలక్క, నిలబడే.

“కూర్చోమ్మా. ఏ విభాగం?”

“చేపలు.”

“అది కాదు. ఫిర్యాదు ఏ విభాగం? కొత్త ఫారంలో మూడే గడులున్నాయి. అందం, అనుభూతి, వారసత్వం.”

“కాలువ.”

“కాలువ గడి లేదమ్మా.”

“గడి లేకపోతే కాలువ కూడా లేదా? వచ్చి నా బండ దగ్గర నిలబడండి, ఉందో లేదో మీ కాళ్ళకే తెలుస్తుంది!”

అనుభూతిగారు కలం పట్టుకుని మూడు గడుల వంకా మార్చి మార్చి చూశాడు. ఏదో ఒక దాంట్లో టిక్కు పెట్టకపోతే ఈమె వెళ్ళదు. “ఇంతకీ ఎప్పటి కాలువ అది?” అన్నాడు.

“ఏమో, ఎవరికి తెలుసు! మా అత్తగారి అత్తగారు కూర్చున్న నాటినుంచీ ఉంది.”

ఆయన మొహం వికసించింది. “మరి ఆ మాట ముందే చెప్పవేం?” అని వారసత్వం గడిలో టిక్కు పెట్టి, దాని పక్కన ‘అతి పురాతనం’ అని రాసి, కింద గీత కూడా గీశాడు. ఆ సంతోషానికి కారణం లేకపోలేదు. మార్కెట్టు కొత్త రూపానికి నెలాఖర్లో నగర అధ్యక్షురాలు వచ్చి ప్రారంభోత్సవం చెయ్యాలి. చెయ్యడానికి ఏదో ఒక పురాతనం కావాలి. ఎంత వెతికినా ఆ మార్కెట్టులో కారే పైకప్పు తప్ప పాతది ఏదీ మిగల్లేదు.

పావుగంటలో రావాల్సిన చేపలక్క గంటకి వచ్చింది. “ఏమన్నారు వదినా?” అంది ఆడపడుచు.

“రేపు మనిషిని పంపిస్తారట.”

“చూశావా, నువ్వు ఊరికే అందరినీ తిడతావు గాని, ఆయన మంచివాడే” అంది ఆడపడుచు. ఆమెకి లోకంలో అందరూ మంచివాళ్ళే. చేపలక్కకి కోపం తెప్పించే విషయాల్లో అదొకటి.

మర్నాడు మనిషి వచ్చింది. చేతిలో పొడుగాటి చువ్వ లేదు, మెత్తటి కుంచె ఉంది. కళ్ళద్దాలు, టోపీ, మెడలో భూతద్దం. వెనక ఇద్దరు కూలీలు. ఎక్కడో చరిత్ర పాఠాలు చెప్తుందట. మనిషి చాలా మర్యాదస్తురాలు, చేపల బుట్టకి కూడా దారి ఇచ్చి పక్కకి నిలబడుతుంది. ఆమెని అందరూ చరిత్ర మేడమ్ అన్నారు.

“అమ్మా, మీకేమీ ఇబ్బంది లేకుండా ఒకసారి కాలువ మూత ఎత్తి చూస్తాం” అంది మేడమ్.

“చూడ్డమెందుకు, తీసెయ్యండి” అంది చేపలక్క.

కూలీలు గునపాలు పెట్టి కాలువ మీద మూతగా వేసిన నల్లరాతి పలకని ఎత్తారు. అది జారి వెల్లకిలా పడింది. లోపలివైపు బురద కారిపోగానే అక్షరాలు బయటపడ్డాయి. మేడమ్ కెవ్వుమని కేకవేసి, బట్టలు తడుస్తున్నా లెక్క చెయ్యకుండా మోకాళ్ళ మీద కూర్చుని కుంచెతో తుడవసాగింది. రాయి ఎడమవైపు మూల విరిగిపోయి మొదటి అక్షరం పోయింది. దాని నెత్తి మీది ‘ఔ’ గుర్తు కొస మాత్రం మిగిలింది. దాని తర్వాత ‘రశాల’ అని స్పష్టంగా ఉంది.

“…ౌరశాల” అని చదివింది మేడమ్. “పౌరశాల! అంటే… నగర పౌరులు సభ తీరిన చోటు! ఇక్కడే, ఈ చేపల కిందే!”

చేపలక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని వంగి చూసింది. చూడగానే గుర్తుపట్టింది. ఎందుకు గుర్తుపట్టదు? తను కాపురానికి వచ్చిన కొత్తల్లో కాలువ మూత పగిలిపోతే, వెనక గేటు దగ్గర క్షవరాలు చేసే తాత, అప్పటికింకా తాత కాదు, తన కొట్టు పాత బోర్డు విరిగిపోయిందని అవతల పారేస్తుంటే, మామగారు దాన్ని మోసుకొచ్చి బోర్లా వేశారు. సిమెంటు కలిపింది తనే.

“పౌరశాలా కాదు, పాడూ కాదు. అది క్షౌరశాల. క్షవరాల కొట్టు బోర్డు. మా మామగారు బోర్లా వేశాడు” అంది.

మేడమ్ ఎంతో గౌరవంగా తలెత్తి చూసింది. “బోర్లా వేశారని మీ కుటుంబంలో చెప్పుకుంటారా?”

“చెప్పుకోవడమేంటి, నేను దగ్గరుండి చూశా!”

మేడమ్ పుస్తకం తీసి రాసుకుంది. రాస్తూ పైకే చదివింది: “ఈ రాతిని బోర్లా వేసినట్లు స్థానికుల్లో ఒక కథ ప్రచారంలో ఉంది. శత్రువుల కంట పడకుండా దాచి ఉండవచ్చు.”

“ఏ శత్రువులమ్మా? ఎలకలు రాకుండా వేశాడు!”

“ఎలకలు” అని కూడా రాసుకుని, దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకుంది మేడమ్.

ముప్పై ఏళ్ళు రాత్రింబవళ్ళు చేపల నీళ్ళు తాగిన రాయికి మూడు వందల ఏళ్ళ వయసు కనిపించడం వింతేం కాదు. మధ్యాహ్నానికల్లా మేడమ్ ఆ సంఖ్యే రాసిచ్చింది. సాయంత్రానికి పదిహేడో బండ చుట్టూ నాలుగు ఇత్తడి స్తంభాలు, వాటికి ఎర్ర తాడు వచ్చేశాయి. ‘దయచేసి తాకరాదు’ అని బోర్డు. తాకరాని దాంట్లో చేపలక్క బండ ఉంది, గోనె ఉంది, కూర్చునే పీట కూడా ఉంది. పూడిన కాలువ పూడినట్టే ఉంది.

“నా చోటేదీ?” అని ఆమె ఆఫీసు గుమ్మంలో నిలబడి అరిచింది. ఆ అరుపుకి మార్కెట్టు పావురాలన్నీ ఒక్కసారి లేచాయి.

“కేకలు వెయ్యకూడదమ్మా, బోర్డు చూడలేదా?” అన్నాడు అనుభూతిగారు. “నీకు నష్టం జరగనిస్తానా? పై అంతస్తులో గాలీ వెలుతురూ వచ్చే చోటు ఇస్తున్నా. తాత్కాలికంగా.”

“చేపలు మెట్లెక్కుతాయా?”

“నువ్వెక్కించాలి.”

“మరి కాలువ?”

“కాలువ అనకు. పౌరశాల అను. అందులో ఇప్పుడు పుల్ల పెట్టాలన్నా నిపుణుల సంఘం అనుమతి కావాలి.”

ఆ రోజు ఇంట్లో చేపలక్క గిన్నెలు కడిగిన తీరుకి రెండు గిన్నెలు సొట్టపోయాయి. ఎదురింటివాళ్ళు తలుపులేసుకున్నారు. మొగుడు ఐసు బండి తోలే మనిషి, వంటికి ఎంత చలువో నోటికీ అంత. “పోనీ, కొన్నాళ్ళు పైనే అమ్ముదువులే” అన్నాడు. ఆ తర్వాత ఆయన రెండు రోజులు ఇంట్లో మాట్లాడలేదు. మాట్లాడే అవకాశం రాలేదు.

అసలు సంగతి పైకెక్కాకే తెలిసింది. అనుభూతిగారిచ్చిన గాలీ వెలుతురూ వచ్చే చోటు సరిగ్గా కాఫీ కొట్టు గుమ్మానికి ఎదురుగా ఉంది. ఆ కొట్టాయన గుండ్రటి కళ్ళద్దాల మనిషి. కాఫీ ఇచ్చే ముందు దాన్ని ఎలా వాసన చూడాలో, ఎంతసేపు నాలిక మీద ఉంచాలో పాఠం చెప్తాడు. అందుకని ఆయనకి కాఫీ మాస్టారని పేరు. తలుపు తీసి బయటికి వచ్చిన ఆయనకి కాళ్ళ దగ్గర ఓ నాలుగు అడుగుల చేప నోరు తెరుచుకుని కనిపించింది.

“ఏంటిది?” అన్నాడు.

“చేప. ఎప్పుడూ చూళ్ళేదా?”

“చూశాను, కింద! ఇక్కడెందుకుంది?”

“నన్నడుగుతావేంటి? వాసనొస్తోందని అర్జీ పెట్టి నన్ను తగలేసింది నువ్వు కాదూ? మొన్న ఎవరితోనో అంటుంటే నా చెవులారా విన్నా!”

“వాసన సంగతి చూడమన్నా గాని మిమ్మల్ని నా నెత్తిన కూర్చోబెట్టమన్లేదండీ! ఇదిగో, జవాబు కూడా వచ్చింది.” ఆయన జేబులోంచి కాగితం తీసి చదివాడు. “‘వాసనకు మూలమైన పదిహేడో నంబరును ప్రస్తుత స్థానం నుంచి తరలించడమైనది.’ చదివి పొద్దున్నే ఎంత సంతోషించానో!”

“ఎక్కడికి తరలించారో రాయలేదా?”

“రాయలేదు.”

“నా చేపలు వాసన రావయ్యా! తెల్లారగట్ల వచ్చిన సరుకు, కావాలంటే ముక్కు పెట్టి చూడు. నీకదే కదా పని! ఆ కంపు కాలువది!”

కాఫీ మాస్టారు నిజంగానే వంగి, కళ్ళు మూసుకుని, చేప మీద ముక్కు పెట్టి నిదానంగా పీల్చాడు. లేచి, “నిజమే. ఏ వాసనా లేదు” అన్నాడు. కళ్ళద్దాలు సర్దుకుని, “అలాంటప్పుడు ఆ కాలువేదో తీయించొచ్చు కదండీ?” అన్నాడు.

చేపలక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. నోట్లోంచి వచ్చింది మాటలా లేదు, రైలు కూతలా ఉంది. “తీయించమనే కదరా నాయనా నేను పోయిందీ!”

ఆ రోజు నుంచి ఆయన ఆమె శత్రువు కాకుండా పోయాడు. పక్కన నిలబడి కోప్పడేందుకు ఇంకొకరు దొరికారు. ఇద్దరూ కలిసి ఆఫీసుకి వెళ్ళారు. కాఫీ మాస్టారు ఈసారి అనుభూతి గడిలోనే ఫిర్యాదు రాశాడు: ‘నా అనుభూతి దారుణంగా ఉంది.’ అనుభూతిగారు అది చదివి, “రోజులు గడిస్తే సర్దుకుంటుందండీ” అన్నాడు.

చేపలక్కకి ఇరవై ముప్పై ఏళ్ళుగా వస్తున్న బేరాలున్నాయి. వాళ్ళలో సగంమంది మోకాళ్ళ నొప్పులవాళ్ళు. మెట్ల కింద నిలబడి, తలలెత్తి, “అక్కా, ఏముంది ఇవాళ?” అని అడుగుతారు. కేకలెయ్యకూడదు కనక ఆమె వేళ్ళతో సైగ చెయ్యాలి. రెండు వేళ్ళు చూపిస్తే రెండు చేపలనుకున్నవాళ్ళున్నారు, రెండింటికి రమ్మనుకున్నవాళ్ళున్నారు. ఇక లాభం లేదని బుట్టకి తాడు కట్టి కటకటాల మీంచి కిందికి దించడం మొదలెట్టింది. ఒక పెద్దావిడ బుట్టలోంచి చేప తీసుకుని, గట్టిగా ఉందో లేదో నొక్కి చూసి, “ఇది వద్దే, ఇంకోటి పంపు” అని మళ్ళీ పైకి తోలింది. అలా ఒకే బేరానికి బుట్ట ఏడుసార్లు దిగి ఎక్కింది. ఏడోసారికి కింద యాభై మంది కెమెరాలతో నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

మర్నాటి కల్లా అనుభూతిగారి కొత్త కరపత్రంలో ఆ బొమ్మ అచ్చయింది. కింద, ‘తరతరాల తాడు బుట్ట: ప్రతిరోజూ ఉదయం పది నుంచి’ అని ఉంది.

“తరతరాలా? నిన్న పొద్దున్న కట్టానమ్మా ఈ తాడు!” అని కరపత్రం పట్టుకు వచ్చిన ప్రతివాళ్ళతోనూ చెప్పింది చేపలక్క. వాళ్ళు తల ఊపి, ఒకసారి దించి చూపించమన్నారు.

“వదినా, నీకు పేరొస్తోందే” అంది ఆడపడుచు కిందినుంచి.

“నోర్ముయ్!” అంది చేపలక్క. అది కేక కిందే లెక్క. కాపలావాడు వచ్చి బోర్డు చూపించి వెళ్ళాడు.

ఆ రాత్రంతా నిద్రపోతే ఒట్టు. తెల్లారేసరికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ప్రారంభోత్సవం రోజున, అధ్యక్షురాలి మొహం మీదే, వందమంది ముందు నిజం చెప్పెయ్యాలి. తన మాట ఎవరూ నమ్మడం లేదు కాబట్టి బోర్డు సొంతదారునే తీసుకెళ్ళాలి. ఆమె వెనక గేటు దగ్గరికి వెళ్ళింది. అక్కడ రేకు కింద ఒక కుర్చీ, ఒక అద్దం, ఒక క్షవరాల తాత ఉంటారు. మనిషికి చెవుడు. చెయ్యి మాత్రం వణకదు.

“తాతా, నీ బోర్డుని అద్దం కింద పెడుతున్నారు!”

“అద్దమా? ఉందమ్మా, బానే ఉంది. మూల కాస్త పగిలిందంతే.”

“నీ పాత బోర్డు! మా మామగారు తీసుకెళ్ళింది! మూడొందల ఏళ్ళ నాటిదని ఊరంతా అంటున్నారు!”

“నాకు డెబ్బై ఆరే” అన్నాడు తాత నొచ్చుకుంటూ.

విషయం ఆయన చెవికి ఎక్కేసరికి చేపలక్క గొంతు బొంగురుపోయింది. ఎక్కాక మాత్రం తాతకి భలే సంతోషం వేసింది. ఆ అక్షరాలు తను పక్కన కూర్చుని మరీ చెక్కించుకున్నాడట. “వస్తా, వస్తా. చూసి ఎన్నాళ్ళయిందో” అన్నాడు.

ప్రారంభోత్సవం రోజు తెల్లవారే అనుభూతిగారు మార్కెట్టంతా అద్దంలా మెరవాలని పెద్ద గొట్టాలు పెట్టించి రెండు గంటలపాటు నేల కడిగించాడు. ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతాయన్నది ఆయనకి తట్టలేదు. నీళ్ళు వాలు ఉన్న వైపు పోయాయి. వాలు ఉన్నది పదిహేడో నంబరు వైపు.

పదకొండింటికి అధ్యక్షురాలు వచ్చింది. దొరల ఇంటి పెళ్ళికి వచ్చినట్టు తెల్లటి బట్టలు, తెల్లటి చెప్పులు. కాలువ మీద మందపాటి అద్దం పలక వేసి, దాని కింద దీపం పెట్టి, రాతిని అక్షరాలు కనిపించేలా అమర్చారు. పక్కనే ఇత్తడి రేకు మీద ‘పౌరశాల’ అని చెక్కించారు. చరిత్ర మేడమ్ రెండు మాటలు చెప్పింది. అధ్యక్షురాలు అద్దం మీద నిలబడి ప్రసంగం అందుకుంది. “మూడు వందల ఏళ్ళ క్రితం, సరిగ్గా నేను నిలబడ్డ ఈ చోటనే, మన పూర్వీకులు…”

“అబద్ధం!” అని వెనకనుంచి వినిపించింది.

జనం రెండుగా చీలారు. మధ్యలోంచి చేపలక్క, ఆమె చెయ్యి పట్టుకుని తాత వచ్చారు. అనుభూతిగారి మొహం పాలిపోయింది. “కేకలెయ్యకూడదు…” అని అలవాటుగా గొణిగాడు.

“ఇవాళ వేస్తా! ఏడాదినుంచీ వెయ్యనివి కూడా కలిపి వేస్తా! ఇది సభా కాదు, శాలా కాదు. ఇది మురుగు కాలువ! నేను కాలువ పూడిందని చెప్పా. నాకు చరిత్రని పంపించారు. చోటు పోగొట్టుకుంది నేను, చేపలు మెట్లెక్కించింది నేను! కోతిలా బుట్ట ఆడించి చూపించింది నేను! తాతా, చెప్పు!”

తాత తాడు కింది నుంచి దూరి, అద్దం మీద వంగి, చాలాసేపు చూశాడు. “నాదే” అన్నాడు చివరికి. “క్షౌరశాల. ‘క్ష’ విరిగిపోయింది. ఆ ముక్క నా కుర్చీ కాలు కింద ఎత్తుకి పెట్టుకున్నా. ఉండండి, తెస్తా.”

నిజంగానే వెళ్ళి తెచ్చాడు. అధ్యక్షురాలు అద్దం మీంచి దిగి పక్కన నిలబడితే, కాఫీ మాస్టారు ఆ పలక ఒక పక్కకి ఎత్తి పట్టుకున్నాడు. చరిత్ర మేడమ్ ఆ ముక్కని రాతి మూలకి ఆనించింది. వెంట్రుకవాసి సందు లేకుండా అతుక్కుంది. మేడమ్ పుస్తకం తెరిచి, ‘ఎలకలు’ పక్కనున్న ప్రశ్న గుర్తు కొట్టేసింది.

సరిగ్గా అప్పుడే కాలువకి ఎక్కిళ్ళు వచ్చినట్టయింది. బుడుంగుమని ఒక శబ్దం. పొద్దున రెండు గంటలపాటు కడిగిన నీళ్ళు ఇక ఎక్కడికీ పోలేక, ఎత్తిన అద్దం సందులోంచి ఒక్క ఉదుటున పైకి లేచాయి. పొలుసులు, రెక్కలు, నల్లటి బురద, ఏడాది నాటి సరంజామా మొత్తం అధ్యక్షురాలి తెల్లటి చెప్పుల్ని ముంచి, మోకాళ్ళ దాకా పలకరించింది. జనం కెమెరాలెత్తారు.

“ఏమిటిది?” అని అరిచింది అధ్యక్షురాలు. ఆ అరుపు చేపలక్క అరుపుకి ఏమాత్రం తీసిపోదు.

“కాలువండీ. పూడిపోయింది” అంది చేపలక్క, మొట్టమొదటిసారి నెమ్మదిగా.

ఎనిమిది నిమిషాల్లో చువ్వ పట్టుకున్న మనిషి వచ్చాడు. అలాంటి మనిషి ఆ మార్కెట్టుకి ఉన్నాడనే అప్పటిదాకా ఎవరికీ తెలియదు. నాలుగు పోట్లు పొడిచి, బయటికి లాగాడు. అడ్డం పడింది చేపల చెత్త కాదు. మార్కెట్టుని బాగుచేస్తూ కొత్త పలకలు పరిచిన రోజున మిగిలిన సిమెంటంతా పనివాళ్ళు అందులో పోసేశారు. బుర్రంత సిమెంటు ముద్ద. నీళ్ళు గుటగుటమంటూ దిగిపోయాయి. చేపలక్కకి ఆ చప్పుడు సంగీతంలా వినిపించింది.

కాని అధ్యక్షురాలు ఊరికే తడిసి వెళ్ళిపోయే మనిషి కాదు. వందమంది చూస్తున్నారు. ఆమె తాత భుజం మీద చెయ్యి వేసి, కెమెరాల వైపు తిరిగింది. “ఈ చోటు ఎవరిదో ఇవాళ తేలింది. ఈ నగరం తన పాత వృత్తులని మరిచిపోదు. పదిహేడో నంబరు నేటినుంచి శాశ్వతంగా ఈ పెద్దాయనదే!” చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది నిమ్మకాయల ఆడపడుచు. ఏం జరిగిందో ఆమెకి తర్వాత అర్థమయింది.

చేపలక్కకి అప్పుడే అర్థమయింది. నిజం చెప్పి నిలబడ్డ పాపానికి, తాత్కాలికంగా పోయిన చోటు శాశ్వతంగా పోయింది.

మర్నాడు ఆమె ఆఫీసులో అడుగుపెట్టినప్పుడు అనుభూతిగారు లేచి నిలబడ్డాడు. భయంతోనే. “నా చేతుల్లో లేదమ్మా! ఉత్తర్వు అచ్చయిపోయింది. ఇత్తడి రేకు మీద కూడా ‘పౌ’ ఒక్కటి గీకేసి ‘క్షౌ’ అని చెక్కించేశాం. అదృష్టం, ఒక్క అక్షరంతో సరిపోయింది.”

“మా అత్తగారి అత్తగారు కూర్చున్న చోటు! నేను చచ్చినా వదల్ను!”

తాత అప్పటికే వచ్చి మూల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకి సగమే వినిపించింది గాని ఆమె కళ్ళు చూస్తే మిగతా సగం తెలిసింది. “నాకెందుకమ్మా ఆ చోటు?” అన్నాడు. “వెలుతురు లేదు. తడి. గడ్డం గీసేటప్పుడు మనిషి జారితే ఇంకేమైనా ఉందా? నా రేకు, నా గేటు నాకు చాలు. ఆవిడకే రాసిచ్చెయ్యండి.”

“రాయడానికి వీల్లేదండీ. అది క్షౌరవృత్తి చోటు.”

“నాకు సహాయకులుంటే వాళ్ళు కూర్చోవచ్చా?”

అనుభూతిగారు నిబంధనల పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. సహాయకుల గడి ఉంది. చేపలక్క ఏదో అనబోయింది. తాత ఆమెని ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. ముప్పై ఏళ్ళలో ఆమె నోరు మూయించగలిగిన మొదటి మనిషి ఆయనే. ఫారం నిండింది. ఆమె పళ్ళు పటపట కొరుకుతూ సంతకం పెట్టింది. మధ్యాహ్నానికి బుట్టలన్నీ మెట్లు దిగాయి. కాఫీ మాస్టారు ఒక బుట్ట తనే మోసుకొచ్చాడు. మోకాళ్ళ నొప్పుల బేరాలన్నీ బండ చుట్టూ మూగాయి. కాలువలో నీళ్ళు నిలబడకుండా పోతున్నాయి.

పోయిన నెల తనిఖీకి వచ్చిన కొత్త ఉద్యోగి పదిహేడో నంబరు దగ్గర ఆగి, చేపలక్కని, ఆమె ముందున్న వాటినీ పైనుంచి కిందిదాకా పరీక్షగా చూసి, తన కాగితం మీద ఇలా రాసుకు వెళ్ళాడు: ‘సంప్రదాయ క్షౌరశాల. సహాయకురాలు విధుల్లో ఉన్నారు. కత్తులు పదునుగా ఉన్నాయి.’